కనిగిరి లేబుల్ ఎందుకు వెనక్కొస్తోందంటే

ఎండబెట్టి దాచిన పాత మొక్కల నమూనాల లేబుళ్లు ఫోటోలో చూసి టైప్ చేసే పనిలో, మీ కనిగిరి లేబుల్ ఎందుకు వెనక్కొస్తోందని అడిగారు కదా. లేబుల్ మీద ఉన్న ‘నెల్లూరు’ తీసేసి ‘ప్రకాశం’ అని దిద్దారు కదన్నా, రివ్యూలో వెనక్కి పంపేది అందుకే. 1915 నాటి మొక్క నమూనా మీద ‘కనిగిరి, నెల్లూరు జిల్లా’ అని ఉంటే అది పొరపాటు కాదు. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు అన్నీ నెల్లూరు కిందే. 1970లో వీటికి గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు, ప్రకాశం అనే పేరు 1972లో వచ్చింది.

1. ఉన్నది ఉన్నట్టు టైప్ చేయండి. జిల్లా నెల్లూరు, రాష్ట్రం మద్రాస్. స్పెల్లింగ్ వింతగా ఉన్నా ముట్టుకోవద్దు (మన కంభాన్ని ఆ దొరలు రాసిన తీరు చూస్తే నవ్వాగదు).

2. ఇప్పటి జిల్లా చెప్పాలనిపిస్తే నోట్స్ గడిలో రాయండి, అంతే.

3. చాలామంది చూడకుండా వదిలేసేది తేదీ. మొక్కను అంటించిన షీటు మీద చిన్న చీటీ ఇంకోటి ఉంటుంది, అది తర్వాతెప్పుడో ఆ మొక్క పేరు సరిచూసినవాళ్లది, దాని మీద వాళ్ల సంతకం, వాళ్ల తేదీ ఉంటాయి. మీరు పెట్టిన 1938 ఆ చీటీలోదే. సేకరణ తేదీ పెద్ద లేబుల్ కింద సిరాతో ఉంది, జూమ్ చేసి చూడండి, మధ్యలో ఎక్స్, ఐ అని కనిపిస్తే అవి ఇంగ్లిష్ అక్షరాలు కావు, రోమన్ పదకొండు, అంటే నవంబరు.

ఈ రెండూ మార్చి మళ్లీ సబ్మిట్ కొట్టండి.