వెబ్ కాంపోనెంట్‌లోని ఫారం విలువను ఎక్కడి నుంచి చదవాలి?

ప్రశ్న: మొబైల్ నంబరు కోసం ఒక వెబ్ కాంపోనెంట్ (సొంతంగా తయారుచేసుకునే హెచ్‌టీఎంఎల్ ట్యాగు) రాసి, దాని షాడో డామ్‌లో (పేజీ నుంచి వేరుగా ఉండే దాని లోపలి భాగంలో) ఇన్‌పుట్ పెట్టాను. బయటి ఫారం సబ్మిట్ చేస్తే ఫామ్‌డేటాలో (ఫారం పంపే విలువల జాబితాలో) ఆ నంబరు రావడం లేదు. ప్రస్తుతానికి షాడో రూట్‌లో (షాడో డామ్ మొదలయ్యే చోట) క్వెరీసెలెక్టర్‌తో వెతికి విలువ తీసుకుంటున్నాను. ఇలా చేయవచ్చా?

జవాబు: పని నడుస్తుంది కానీ, రేపు మీరే లోపలి ఇన్‌పుట్‌ను రెండు గడులుగా విడగొడితే బయటి కోడంతా తిరగరాయాలి. షాడో డామ్‌లోని ఇన్‌పుట్‌ను బయటి ఫారం తనదిగా లెక్కించదు కాబట్టే ఆ విలువ మీకు అందడం లేదు. ఫారం, ఇన్‌పుట్‌లు అన్నీ ఒకే షాడో రూట్‌లో ఉంటే ఈ చిక్కే లేదు. సబ్మిట్ ఈవెంట్‌లో ఫామ్‌డేటాను నేరుగా చదివితే చాలు.

మీలా ఫారం బయట ఉన్నప్పుడు కాంపోనెంట్‌నే ఫారంలో సభ్యురాలిని చేయడం మేలని నా అభిప్రాయం. క్లాసులో ఫామ్‌అసోసియేటెడ్ అనే స్టాటిక్ విలువను ట్రూ చేసి, కన్‌స్ట్రక్టర్‌లో అటాచ్‌ఇంటర్నల్స్‌ను పిలిచి, లోపలి ఇన్‌పుట్ మారిన ప్రతిసారీ అది ఇచ్చే ఆబ్జెక్ట్‌లోని సెట్‌ఫామ్‌వాల్యూకు కొత్త నంబరును అందించండి. నేమ్ అట్రిబ్యూట్ మాత్రం లోపలి ఇన్‌పుట్‌కు కాక కాంపోనెంట్ ట్యాగుకే ఉండాలి. చాలామంది తడబడేది ఇక్కడే. క్రోమ్ 77 (2019), ఫైర్‌ఫాక్స్ 98 (2022), సఫారీ 16.4 (2023) నుంచి ఈ సదుపాయం ఉంది. ఫామ్‌రీసెట్‌కాల్‌బ్యాక్ (ఫారం రీసెట్ అయినప్పుడు బ్రౌజరు పిలిచే ఫంక్షన్) రాయడం మరిచిపోతే, రీసెట్ నొక్కినప్పుడు మిగతా గడులన్నీ ఖాళీ అయినా మీ గడిలో మాత్రం పాత నంబరు అలాగే కూర్చుని ఉంటుంది.

టైపు చేస్తుండగానే విలువ కావాలంటే ఇన్‌పుట్ ఈవెంట్‌ను వినండి. అది షాడో సరిహద్దు దాటి బయటికి వస్తుంది. చేంజ్ ఈవెంట్ దాటదు గనుక దాన్ని కాంపోనెంటే మళ్లీ పంపాలి. బయటి నుంచి చూసినప్పుడు ఈవెంట్ టార్గెట్‌గా కనిపించేది కాంపోనెంటే కాబట్టి, దానికి వాల్యూ అనే గెటర్ (లోపలి విలువను బయటికి అందించే ఫంక్షన్) రాసి పెట్టండి. గెట్‌అట్రిబ్యూట్‌తో ఇన్‌పుట్ విలువ చదివితే వచ్చేది హెచ్‌టీఎంఎల్‌లో మొదట రాసిన విలువే తప్ప వాడుకరి టైపు చేసినది కాదు.