చౌక డిజిటల్ కెమెరాలో సెల్స్ త్వరగా ఎందుకు అయిపోతాయి?

రెండు ఏఏ సెల్స్‌తో నడిచే కెమెరా ఇరవై ఫొటోలకే ఆగిపోతోందని అడిగారు. చాలాసార్లు తప్పు కెమెరాది కాదు, సెల్స్‌ది. గోడ గడియారానికి వేసే జింక్ కార్బన్ సెల్ కొద్దికొద్దిగా కరెంటు ఇవ్వడానికే పనికొస్తుంది. ఫ్లాష్ ఛార్జ్ అయ్యేటప్పుడు, లెన్స్ కదిలేటప్పుడు కెమెరా ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది. సెల్ వోల్టేజ్ పడిపోయి, లోపల ఇంకా ఛార్జ్ ఉన్నా కెమెరా ఆగిపోతుంది. (ఆ సెల్స్ పారేయకండి, గడియారంలో ఇంకా నడుస్తాయి.) ఆల్కలైన్ రకం సెల్స్ కొంత నయం.

నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్స్ కొనండి. వాటి మీద 1.5 కాకుండా 1.2 వోల్టులని ఉంటుంది, టెన్షన్ పడకండి. ఎక్కువ కరెంటు లాగినా ఆ 1.2 దాదాపు చివరిదాకా నిలబడుతుంది. 2000 ఎంఏహెచ్ (సెల్‌లో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) దగ్గరున్నవి చాలు, 4000 అని రాసినవి అస్సలు నమ్మకండి. వాడకుండా ఉంచినా ఛార్జ్ పెద్దగా తగ్గని ‘లో సెల్ఫ్ డిశ్చార్జ్’ రకమైతే మరీ మంచిది.

కెమెరా మెనూలో బ్యాటరీ రకం ఎంచుకునే సెట్టింగ్ ఉంటే తప్పక నికెల్ మెటల్ హైడ్రైడ్‌కి మార్చండి. లేకపోతే ఛార్జ్ ఉండగానే ఖాళీ అని చూపిస్తుంది. అక్కర్లేనప్పుడు ఫ్లాష్ ఆపేయండి, తీసిన ఫొటోలు స్క్రీన్ మీద పదేపదే చూడకండి.