ఎస్‌ఎస్‌ఎన్ లేకుండా అమెరికాలో బ్యాంకు ఖాతా
అమెరికాకు చదువుకోవడానికి కొత్తగా వచ్చి బ్యాంకు ఖాతాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తుంటే సోషల్ సెక్యూరిటీ నంబరు (ఎస్‌ఎస్‌ఎన్) దగ్గరే ఆగిపోతోందా? దాన్ని వదిలేసి నేరుగా బ్రాంచికి వెళ్లండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద వచ్చినవాళ్లకు ఖాతా తెరవడానికి చట్టప్రకారం ఆ నంబరు తప్పనిసరి కాదు, పాస్‌పోర్టు నంబరు తీసుకోవచ్చు. అయినా కొన్ని బ్యాంకులు తమ రూలు ఒప్పుకోదంటాయి. వాదన దండగ, ఇంకో బ్యాంకు చూసుకోండి; యూనివర్సిటీ పక్కనున్న బ్రాంచీలకు ఇది అలవాటైన పనే.

పాస్‌పోర్టు, వీసా, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే పత్రం), ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు చూపే రికార్డు) ప్రింటు, ఇంటి లీజు పట్టుకెళ్లండి. పీఓ బాక్సు అడ్రసు చెల్లదు.

అసలు తిరకాసు పన్ను ఫారం దగ్గర. అలవాటుకొద్దీ డబ్ల్యూ-9 ముందు పెడతారు, సంతకం చేయకండి. అది అమెరికా పౌరులు, పన్ను రెసిడెంట్లది (పన్ను లెక్కలో అమెరికా నివాసులుగా చూసేవాళ్లది). కొత్తగా వచ్చిన విద్యార్థి ఇవ్వాల్సింది డబ్ల్యూ-8 బీఈఎన్. ఎస్‌ఎస్‌ఎన్ వచ్చాక బ్యాంకులో నమోదు చేయించండి.