సైట్ ఆపే ముందు అక్కడ ఒకసారి నడువు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. విజయవాడ, గుంటూరు మొబైల్ టవర్ సైట్లలో పాత పరికరాలు తీసి కొత్తవి పెట్టే మోడర్నైజేషన్ పని నీ చేతికి వచ్చిందని అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఈ రెండు ఊళ్ల టవర్ల చుట్టూ తిరిగి రిటైరైనవాణ్ని కదా, ఫోన్లో అయితే సగం మర్చిపోతానని రాసి పంపుతున్నాను.

పెట్టెలు మార్చడం గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. 2జీకి ఒక ర్యాక్, 3జీకి ఒకటి, 4జీకి ఇంకొకటి, వాటిని చల్లగా ఉంచడానికి ఏసీ షెల్టర్ ఉండేవి. ఇప్పుడు ఒక్క బేస్‌బ్యాండ్ యూనిట్ అన్నిటినీ నడుపుతుంది. రేడియోలు పైకెక్కి యాంటెన్నా పక్కన కూర్చుంటాయి. కరెంటు బిల్లు తగ్గుతుంది, అద్దె కలిసొస్తుంది. ఇదంతా మంచిదే. నా భయమల్లా, అన్నీ ఒక్కచోటే పడతాయి కాబట్టి ఏ సైట్ ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న జాబితా గురించే.

మొగల్రాజపురంలో మా కంపెనీకి 2జీ ఒక మేడ మీద, 3జీ ఇంకో మేడ మీద ఉండేవి. మ్యాప్‌లో చూస్తే మధ్య దూరం 300 మీటర్లు. ఇంత దగ్గర్లో రెండెందుకని ఒకటి తీసేశాం. సంతకం నాదే. రెంటి మధ్య కొండ అంచు అడ్డం ఉందని మ్యాప్ చూసినవాళ్లెవరికీ తట్టలేదు. వారం తిరక్కుండానే కొండ వెనక వీధి నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. మా రిపోర్టులో మాత్రం అన్నీ పచ్చగానే ఉన్నాయి. సిగ్నలే అందని ఫోన్ కాల్ డ్రాప్ లెక్కలోకి కూడా రాదు కదా. వెళ్లి చూస్తే ఒక పెద్దావిడ ఫోన్ పట్టుకుని మేడ మెట్ల మీద కూర్చుని ఉంది. దుబాయ్‌లో ఉన్న కొడుకు చేసే టైమట. ఇంట్లో మోగడం లేదని రోజూ అక్కడే కూర్చుంటోందట. పాత మేడ ఓనర్ని మళ్లీ అడిగితే ససేమిరా అన్నాడు. ఇంకో చోటు దొరికి సిగ్నల్ వచ్చేసరికి అయిదు నెలలు పట్టింది. ఆ మెట్లు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి.

అందుకే జాబితాలో ఉన్న ప్రతి సైట్ చుట్టూ నువ్వు స్వయంగా నడువు. సిగ్నల్ కొలిచే డ్రైవ్ టెస్ట్ కారు రోడ్డు మీదే తిరుగుతుంది. విజయవాడలో కొండల మీది ఇళ్లకి మెట్లే దారి, అక్కడికి కారు ఎక్కదు. సైట్ విప్పెయ్యకుండా, ముందు సెల్స్‌ని లాక్ చేసి, అంటే దాని సిగ్నల్ మాత్రం ఆపి, రెండు వారాలు చూడు. ఆ సైట్ ట్రాఫిక్ పక్క సైట్లలో కనపడాలి. అన్నీ కలిపినా మొత్తం తగ్గిందంటే ఎక్కడో కొంతమంది ఫోన్లు మూగబోయాయని అర్థం. ఆ రెండు వారాలూ పాత పరికరాలు అక్కడే ఉండనీ, ఓనరుకి ఖాళీ చేస్తున్నామన్న కబురు కూడా వెళ్లనియ్యకు.

ట్రాఫిక్ తక్కువని ఒక సెల్‌ని తేలిగ్గా చూడకు. గుంటూరు మిర్చి యార్డుకి సీజన్లో ఒకసారి వెళ్లు. రేకుల షెడ్లు, వాటి కింద మనిషి ఎత్తున మిర్చి టిక్కీలు (బస్తాలు), లోపల హమాలీలు, రైతులు. వాళ్లలో చాలామంది జేబుల్లో చిన్న ఫోన్లే. డేటా లెక్కల్లో వాళ్లు కనపడరు. ఆ రోజు రేటు ఎంత పలికిందో ఇంటికి చెప్పేది మాత్రం ఆ ఫోన్లోనే. 3జీ తీసేసి ఆ స్పెక్ట్రం 4జీకి ఇవ్వు, ఎవరూ బాధపడరు. 2జీని మాత్రం పలచగానైనా ఉంచు. పాత స్వైప్ మెషీన్లు కూడా కొన్ని దాని మీదే నడుస్తాయి.

అమెరికాలో స్ప్రింట్ కంపెనీ 2005లో నెక్స్‌టెల్‌ని కొని, రెండు వేర్వేరు టెక్నాలజీల నెట్‌వర్కుల్ని ఏళ్ల తరబడి పక్కపక్కనే మోసింది. చివరికి నెక్స్‌టెల్ వాడిన పాత ఐడెన్ నెట్‌వర్క్‌ని ఆపింది 2013 జూన్ 30న. రెండు సంసారాలు నడపడం ఎంత ఖర్చో దాన్ని చూసి తెలుసుకోవచ్చు. ఆపేది ఆపాల్సిందే, కానీ పాత ఫోన్లు పట్టుకున్నవాళ్లకి ముందు దారి చూపించాలి.

రేడియో పైకెళ్తే ఇంకో సంగతి ఉంది. 40 మీటర్ల టవర్ మీదికి సిగ్నల్ ఫీడర్ కేబుల్లో వెళ్లేటప్పుడు దాదాపు సగం పవర్ దార్లోనే పోయేది. ఇప్పుడు పైకి వెళ్లేది ఫైబర్ కాబట్టి ఆ నష్టం లేదు. పాత టిల్ట్, అంటే యాంటెన్నా కిందికి వంచిన కోణం, అలాగే వదిలేస్తే సిగ్నల్ అవసరానికి మించి దూరం పోతుంది. కృష్ణలంక సెల్ నది మీదుగా జారుకుంటూ వెళ్లి అవతల తాడేపల్లి ఫోన్లని పట్టుకుంటుంది. నీళ్ల మీద ఆపేదేమీ లేదు కదా. అక్కడ ఫోన్ ఏ పక్క సెల్‌కి మారాలో చెప్పే నెయిబర్ లిస్ట్ సరిగ్గా లేకపోతే, వారధి దాటే బస్సులో కాల్ తెగుతుంది. పరికరాలు మార్చిన మర్నాడే టిల్ట్ చూడు. సెక్టార్లు, అంటే ఒక్కో దిక్కుకి చూసే యాంటెన్నాలు, తారుమారు కాలేదని కూడా చూడు, రాత్రి పూట ఫైబర్లు కలిపేటప్పుడు ఈ తప్పు ఎవరికైనా జరుగుతుంది.

షెల్టర్ తీసేసి అవుట్‌డోర్ క్యాబినెట్ పెట్టేటప్పుడు రేడియో గురించి కంగారు వద్దు, అది మన మే నెల ఎండని తట్టుకుంటుంది. బ్యాటరీ తట్టుకోదు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుంది. ఏసీ పొదుపు చేశామని చెప్పి రెండేళ్లకోసారి బ్యాటరీలు కొనే పరిస్థితి తెచ్చుకోవద్దు. లిథియం పెట్టించు, తాళం గట్టిది వేయించు.

క్యాబినెట్ దిమ్మె ఎత్తు విషయంలో ఎవరితోనూ రాజీపడకు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ వీధిలో ఎవరినడిగినా గోడ మీద చెయ్యిపెట్టి చూపిస్తారు. దానికి పైన ఉండాలి మన క్యాబినెట్. ఇంతకుముందు ఒక సైట్ పోతే పక్కది కొంత ఆదుకునేది. అన్నీ ఒక్కచోటికి చేర్చాక అది మునిగితే 2జీ, 4జీ, 5జీ అన్నీ ఒకేసారి పోతాయి. కాబట్టి మిగిల్చిన సైట్లకి రెండు దారుల్లో ఫైబర్ రావాలి. రెండూ ఒకే గోతిలోంచి వస్తే అవి రెండు దారులు కానట్టే.

దసరా ముందు నుంచి వన్‌టౌన్‌లో ఏ సైట్‌నీ ముట్టుకోకు. మూలా నక్షత్రం రోజు కొండ కింద క్యూలైన్లలో పిల్లాడు తప్పిపోతే ఆ తల్లికి ఫోనే దిక్కు. మిగతా రోజుల్లో అర్ధరాత్రి మొదలుపెట్టు, మూడున్నరకి పని కుదుటపడకపోతే మొహమాటం లేకుండా పాతదాన్నే ఆన్ చేసెయ్. పాత మేడల మీద స్ట్రక్చరల్ సర్టిఫికెట్ లేకుండా కొత్త బరువు ఎక్కించకు.

టవరెక్కి పనిచేసే రిగ్గర్ల సంగతి నీకు అప్పజెబుతున్నాను. హార్నెస్ లేకుండా ఎవర్నీ ఎక్కనివ్వకు, ట్రాన్స్‌మిషన్ ఆపకుండా యాంటెన్నా ముందుకి పంపకు, గాలి వీస్తుంటే డెడ్‌లైన్ మర్చిపో. పై నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా ఇది నీ మాటే అవ్వాలి.

జాబితా మీద సంతకం చేసేముందు ఈ ఆదివారం ఇంటికి రా. ఎండెక్కక ముందే ఆ కొండ వెనక వీధికి వెళ్దాం. రెండు ఫోన్లు తెచ్చుకో, ఒకటి చిన్నది ఉండాలి.

ప్రేమతో,
మావయ్య