ఒకే పేరున్న ఇద్దరు ఖాతాదారులు, మూడు కాలమ్‌ల జాబితా

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం సి షార్ప్ భాషలో, విండోస్ ప్రోగ్రాములకు తెరలు తయారుచేసే విండోస్ ఫార్మ్స్‌తో బిల్లింగ్ అప్లికేషన్ రాస్తున్నాను. ఖాతాదారుల జాబితాలో పేరు ఒక్కటే కనిపిస్తే, అదే పేరున్న మరొకరికి బిల్లు పడుతుందని నా భయం. అందుకని డ్రాప్‌డౌన్‌లో, అంటే నొక్కితే కిందికి తెరుచుకునే జాబితాలో, ఖాతాదారు కోడ్, పేరు, ఫోన్ నంబరు మూడూ పక్కపక్కన చూపించాలనుకున్నాను. డేటాబేస్‌లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో సులువుగా అయిన ఈ పని ఇక్కడ రెండు వారాలైనా కుదరడం లేదు. డెస్క్‌టాప్ పనికి కాలం చెల్లింది, వెబ్‌కు మారమని మిత్రులు అంటున్నారు. అసలు ప్రోగ్రామింగ్ నాకు సరిపడదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ చివరి సందేహానికే ముందు జవాబు చెబుతాను. ప్రోగ్రామింగ్ మీకు సరిపడుతుంది. ఒకే పేరుతో ఇద్దరుంటే ఎలా అన్న ఆలోచన మీకు ఎవరూ చెప్పకుండానే వచ్చింది. నేను ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నేళ్లు ప్రోగ్రాములు రాశాను. నా మొదటి ఉద్యోగంలో పేర్లు మాత్రమే చూపే జాబితా తయారుచేసి ఇచ్చాను. ఒకరు కట్టిన డబ్బు అదే పేరున్న ఇంకొకరి ఖాతాలో జమ అయ్యాక గానీ నా తప్పు నాకు తెలియలేదు. నేను దెబ్బ తిని నేర్చుకున్నది మీరు ముందే ఊహించారు.

ఇక రెండు వారాలుగా కుదరకపోవడానికి కారణం మీలో లేదు. మీ డ్రాప్‌డౌన్‌నే కాంబోబాక్స్ అంటారు. యాక్సెస్ కాంబోబాక్స్‌కు కాలమ్ కౌంట్ (ఎన్ని కాలమ్‌లు), కాలమ్ విడ్త్స్ (వాటి వెడల్పులు) అనే సెట్టింగులున్నాయి. విండోస్ ఫార్మ్స్ కాంబోబాక్స్‌కు అవి లేవు. దాని దృష్టిలో ఒక్కో అంశం ఒక్కో వచనం మాత్రమే. లేని సెట్టింగు కోసం వెతుకుతూ మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారు.

ఇలాంటప్పుడు చాలామంది పేరు తర్వాత ఖాళీలు చేర్చి మూడింటినీ ఒకే వచనంగా అతికిస్తారు. దయచేసి ఆ దారి పట్టకండి. మామూలు ఫాంట్లలో ఒక్కో అక్షరానిది ఒక్కో వెడల్పు కాబట్టి వరుసలు వంకర పోతాయి. సమాన వెడల్పు ఫాంటు పెడితే ఇంగ్లిష్ అక్షరాలు సర్దుకుంటాయేమో గానీ, ఒత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగు పేర్లు సర్దుకోవు. అంతకన్నా పెద్ద ప్రమాదం తర్వాత వస్తుంది. అలా అతికించినవాళ్లు కోడ్ కావలసినప్పుడు ఆ వచనాన్నే ఏదో ఒక విభజన గుర్తు దగ్గర మళ్లీ ముక్కలు చేస్తారు. పేరులోనే ఎక్కడో ఆ విభజన గుర్తు వచ్చిందంటే, మీరు భయపడిన తప్పు బిల్లు పడనే పడుతుంది.

కంటికి కనిపించేది వేరు, ప్రోగ్రాము పట్టుకునే విలువ వేరు. కాంబోబాక్స్ సెట్టింగుల్లో డిస్‌ప్లేమెంబర్‌గా (కనిపించేదిగా) పేరునూ, వాల్యూమెంబర్‌గా (విలువగా) కోడ్‌నూ పెట్టండి. బిల్లు రాసేటప్పుడు సెలెక్టెడ్‌వాల్యూనే, అంటే ఎంచుకున్న వరుస కోడ్‌నే, తీసుకోండి. ఆ తర్వాత వరుసలను ఎవరు గీయాలో చెప్పే డ్రామోడ్‌ సెట్టింగును ఓనర్‌డ్రాఫిక్స్‌డ్‌గా మార్చండి. అప్పటినుంచి ప్రతి వరుసనూ గీసే బాధ్యత మీదే. ఒక్కో వరుసను గీయాల్సినప్పుడు నడిచే డ్రాఐటమ్ ఈవెంట్‌లో ముందు నేపథ్యాన్ని గీసి, ఆ వరుసకు ఇచ్చిన చోటును మూడు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ఒక్కో వచనం రాయండి. డ్రాప్‌డౌన్‌విడ్త్‌ను పెంచితే పెట్టె చిన్నదిగానే ఉన్నా జాబితా వెడల్పుగా తెరుచుకుంటుంది.

రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ఏదీ ఎంచుకోనప్పుడు ఇండెక్స్, అంటే వరుస సంఖ్య, మైనస్ 1గా రావచ్చు. అది చూసుకోకపోతే ప్రోగ్రాము అక్కడే పడిపోతుంది. రెండోది, కాలమ్‌ల వెడల్పులను స్థిరమైన అంకెలుగా రాయకండి. స్క్రీన్ స్కేలింగ్ (తెర మీద అన్నిటినీ పెద్దవిగా చూపే అమరిక) 150 శాతం ఉన్న కంప్యూటర్‌లో అక్షరాలు తెగిపోవచ్చు. అన్నిటికన్నా పొడవైన పేరును కొలిచి వెడల్పు నిర్ణయించండి.

ఖాతాదారులు వేలల్లో ఉంటే మాత్రం ఎంత అందంగా గీసినా డ్రాప్‌డౌన్ సరిపోదు. పేరో నంబరో టైపు చేసి వెతుక్కునే చిన్న విండో, అందులో ఒక గ్రిడ్ (వరుసలు, కాలమ్‌ల పట్టిక) పెట్టడం మేలు. మీ ప్రాజెక్టులో ఎన్ని పేర్లుంటాయో ముందు లెక్క వేసుకోండి. డెవ్‌ఎక్స్‌ప్రెస్, ప్రోగ్రెస్ (టెలరిక్ పేరుతో) వంటి సంస్థలు ఇలాంటి కంట్రోళ్లను, అంటే తెర మీద పెట్టే పెట్టెలూ పట్టికలనూ, తయారుగా అమ్ముతున్నాయి, ఉద్యోగంలో వాటిని వాడటంలో తప్పేమీ లేదు. చదువుకునే రోజుల్లో మాత్రం ఒక్కసారైనా చేత్తో గీయాలని నా గట్టి అభిప్రాయం.

వెబ్‌కు మారమన్న సలహాలో కొంత నిజం ఉంది. కొత్త పని ఎక్కువగా అటే పుడుతోంది, మీరూ అది నేర్చుకోవాలి. కానీ ఈ చిక్కును తప్పించుకోవడానికి అటు వెళితే అక్కడా ఇదే ఎదురవుతుంది. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎమ్‌ఎల్‌లోని సెలెక్ట్ అనే డ్రాప్‌డౌన్‌కూ కాలమ్‌ల సెట్టింగు లేదు. చూపించేది వేరు, విలువ వేరు అన్న సూత్రం అక్కడా అదే. డెస్క్‌టాప్ అంతరించిందన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. 2002లో వచ్చిన విండోస్ ఫార్మ్స్‌ను మైక్రోసాఫ్ట్ 2019లో ప్రోగ్రాములను నడిపే తన కొత్త వేదిక డాట్‌నెట్ కోర్ 3.0లోకి తీసుకువచ్చింది. ఏళ్ల తరబడి నడుస్తున్న అప్లికేషన్లను చూసుకునేవాళ్ల అవసరం ఇంకా ఉంది.

ఇంటర్వ్యూలో ఈ ప్రాజెక్టు గురించి అడిగితే, వాడిన టెక్నాలజీల పేర్లతో మొదలుపెట్టకండి. ఒకే పేరున్న ఇద్దరి దగ్గర మొదలుపెట్టండి. ఏం ప్రయత్నించారు, ఎందుకు కుదరలేదు, చివరికి ఎలా గీశారు అన్నది కాగితం మీద బొమ్మ వేసి చూపించండి. ఈ పనికి ఇంకో వారం గడువు పెట్టుకోండి. ఆ వారం గీయడంలో మీకు హాయి అనిపిస్తే యూజర్ ఇంటర్‌ఫేస్ (వాడేవాళ్లకు కనిపించే తెరల పని) వైపు వెళ్లడం గురించి ఆలోచించండి. అసలు ఖాతాదారుల పట్టికనే ఎలా అమర్చాలి అన్న ప్రశ్న మిమ్మల్ని లాగుతుంటే డేటాబేస్‌లు మీ దారి కావచ్చు. వారం అయ్యాక ఏది ఎక్కువ సేపు మిమ్మల్ని కూర్చోబెట్టిందో నాకు రాయండి.