కరెంటు, చెత్త, నీళ్లు, గ్యాస్: పొదుపుపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాకు నెలకు 205 నుంచి 230 యూనిట్లు కాలుతోంది. నాలుగు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ ఉన్నాయి. ఏసీ వేసవిలోనే వేస్తాం. ఒకరు సోలార్ పెట్టించమంటారు, ఇంకొకరు తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు కొనమంటారు. ఏది ముందు?
– ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: మీ విషయంలో ఫ్యాన్లే ముందు. ఎందుకో లెక్క చూడండి. తెలంగాణలో నెలకు 101 నుంచి 200 యూనిట్ల దాకా వాడితే మొదటి 100కి యూనిట్‌కు రూ.3.40, తర్వాతి 100కి రూ.4.80. అంటే 200 యూనిట్లకు రూ.820. ఒక్క యూనిట్ దాటినా కేటగిరీ మారిపోతుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున పడుతుంది, ఆపైన 300 దాకా యూనిట్‌కు రూ.7.70. కాబట్టి 201 యూనిట్లకు రూ.1,027.70, 230 యూనిట్లకు రూ.1,251. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం వీటికి అదనం. గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) లబ్ధిదారులైతే మరీ జాగ్రత్త. 200 దాటిన నెల జీరో బిల్లు రాదు, మొత్తం కట్టాల్సిందే.

అంటే మీరు తగ్గించాల్సింది ముప్పై యూనిట్లు. పాత ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాన్‌ను మారిస్తే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. పడకగదిలోదీ హాల్లోదీ, ఈ రెండే మార్చండి. 32 యూనిట్లు తగ్గి 230 కాస్తా 198 అవుతుంది, బిల్లు రూ.810కి దిగుతుంది. ఫ్యాన్ రెండున్నర వేల నుంచి మూడున్నర వేల దాకా ఉంటుంది. చలికాలంలో తక్కువ తిరుగుతాయని లెక్కేసుకున్నా, ఈ స్లాబు మహిమ వల్ల ఏడాదిన్నర, రెండేళ్లలో డబ్బు తిరిగొస్తుంది. రోజుకు గంటసేపు తిరిగే గదిలో ఫ్యాన్ మారిస్తే నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా మిగలదు. దాన్ని పాడయ్యేదాకా వాడుకోండి.

బిగించేటప్పుడు ఒక్క మాట ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పండి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌ను పాత రెగ్యులేటర్ మీదుగా కలపకూడదు, స్విచ్ నుంచి నేరుగా ఇవ్వాలి. రెగ్యులేటర్ అలాగే ఉంచేస్తే లోపలి సర్క్యూట్ బోర్డు దెబ్బతింటుంది, వారంటీ కూడా వర్తించకపోవచ్చు.

డబ్బు ఖర్చు లేకుండా తగ్గేది ఇంకొకటుంది, సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపినా చాలా బాక్సులు పది వాట్ల దాకా లాగుతూనే ఉంటాయి. అది 24 గంటలూ కలిపి నెలకు 7 యూనిట్లు. ప్లగ్గు దగ్గరే ఆపేయండి. ఫ్రిజ్ తలుపు సందులో నోటు పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారి వచ్చేస్తే రబ్బరు వదులైనట్టే. ఏసీని 26 డిగ్రీల్లో పెట్టి ఫ్యాన్ తోడు వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచినప్పుడల్లా సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుంది.

ఇక సోలార్. పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండింటికి రూ.60 వేలు, మూడు కిలోవాట్లు అంతకు మించి ఎంతైనా రూ.78 వేలు సబ్సిడీ ఇస్తున్నారు. ఒక కిలోవాట్‌కు నీడ పడని డాబా సుమారు 100 చదరపు అడుగులు కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. నెలకు 400 యూనిట్లు దాటే ఇంటికి ఇది మంచి బేరం. రూ.800 బిల్లు కట్టే ఇంటికి పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఈ లెక్క వర్తించదు. అక్కడ స్లాబు దాటినా కింది యూనిట్ల రేటు మారదు. 126 నుంచి 225 దాకా రూ.6, ఆపైన 400 దాకా రూ.8.75. కాబట్టి 225 పైన తగ్గించే ప్రతి యూనిట్‌కూ రూ.8.75 మిగిలినట్టు.

ప్రశ్న: నిమ్మతొక్కలతో బయో ఎంజైమ్ పెట్టాను. నెల తిరక్కముందే కుళ్లు వాసన కొడుతోంది. అది సరిగ్గా కుదిరితే ఫ్లోర్ క్లీనర్ కొనడం మానేద్దామని ఆశ. మాది తాండూరు బండల ఇల్లు.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందు బండల సంగతి చెప్పాలి. తాండూరు, షాబాద్ బండలు, నాపరాళ్లు, వంటింటి గట్టుకు వేసే నల్లటి కడప రాయి, ఇవన్నీ సున్నపురాతి జాతివి. పాలరాయి కూడా అంతే. బయో ఎంజైమ్ తొక్కలు, బెల్లం పులియబెట్టిన పుల్లటి ద్రవం, అంటే ఆమ్లం. అది సున్నపురాయిని కొద్దికొద్దిగా తినేస్తుంది, మెరుపు పోయి తెల్లగా మచ్చలు పడతాయి. అనుమానముంటే ఎవరికీ కనపడని మూల రెండు చుక్కల నిమ్మరసం వేసి ఐదు నిమిషాల తర్వాత తుడిచి చూడండి. అక్కడ గరుకుగా, వెలిసినట్టు అయితే ఆ రాయికి ఎంజైమ్ పనికిరాదు. మీ బండలకు మామూలు నీళ్లు, జిడ్డు ఉన్నచోట బకెట్‌లో అర చెంచా సబ్బు ద్రవం చాలు. ఎంజైమ్‌ను టాయిలెట్ పింగాణీకి, సింకు గొట్టానికి, గ్రానైట్, టైల్స్ గచ్చుకు వాడుకోండి. గచ్చుకైతే లీటరు నీళ్లకు 50 మిల్లీలీటర్లు.

కొలత 1:3:10. బెల్లం 100 గ్రాములు, తొక్కలు 300 గ్రాములు, నీళ్లు లీటరు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో పెడితే పైన ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీ ఉండాలి. మొదటి నెలంతా రోజుకోసారి మూత తిప్పి గ్యాసు వదలాలి. అందుకే గాజు సీసా వద్దు, పగిలే ప్రమాదముంది. మూడు నెలలకు తయారవుతుంది. అర చెంచా ఈస్టు వేస్తే నెల, నెలన్నరలోనే అవుతుంది.

కుళ్లు వాసనకు సాధారణంగా కారణం బెల్లం తక్కువవడమో, తొక్కలతో పాటు ఉల్లిపొట్టు, కూరగాయల ముక్కలు పడడమో, తొక్కలు నీళ్లపైకి తేలి గాలి తగలడమో. పైన తెల్లటి పొర కడితే భయం లేదు, కలిపేయండి. నల్లటి బూజు, మురుగు వాసన ఉంటే ఒక గుప్పెడు బెల్లం వేసి కలిపి మరో నెల ఉంచండి. అప్పటికీ పుల్లటి వాసన రాకపోతే మొక్కల పాదుకు దూరంగా మట్టిలో పోసేయండి.

ఒక హెచ్చరిక మాత్రం మరిచిపోవద్దు. బాత్‌రూంలో బ్లీచింగ్ పౌడర్ చల్లిన చోట ఎంజైమ్ గానీ వెనిగర్ గానీ పోయకూడదు. ఆమ్లం తగిలితే బ్లీచింగ్ నుంచి క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులకు ప్రమాదం.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ బాల్కనీలో కంపోస్ట్ మొదలుపెట్టాను. పురుగులు, వాసన. ఇంట్లోవాళ్లు పారేయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పారేయకండి, తడి ఎక్కువైంది. మన కూరగాయల తొక్కల్లో నీళ్లే ఎక్కువ. వాటిని ఒత్తుగా నింపితే మధ్యలో గాలాడక కుళ్లుతాయి. ఒక వంతు తడి చెత్తకు రెండు వంతులు ఎండు సరుకు పడాలి, బరువులో కాదు, గిన్నె కొలతలో. ఎండాకులు, చిన్నగా చింపిన అట్టముక్కలు, కొబ్బరి పీచు పొట్టు, ఏదైనా సరే. మీ అపార్ట్‌మెంట్ ఊడ్చే ఆమెనడిగితే ఎండాకులు బస్తాడు ఊరికే దొరుకుతాయి. ఐదు కిలోల కొబ్బరి పొట్టు ఇటుక నానబెడితే 60 లీటర్లకు పైగా ఉబ్బుతుంది, నెలల తరబడి వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: బకెట్‌లోదంతా గోనెపట్టా మీద కుమ్మరించి, అంతే ఎండుపొట్టు కలిపి, గంట ఆరనిచ్చి మళ్లీ నింపండి. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఇంకా పొట్టు కలపాలి. అసలు చెమ్మే లేక పొడిపొడిగా రాలిపోతే, చీమలు చేరితే, బియ్యం కడిగిన నీళ్లు చిలకరించండి. మే నెలలో మీ ఊరి ఎండకు ఇది తరచూ అవసరమవుతుంది.

డబ్బాగా 20 లీటర్ల పెయింటు బకెట్లు రెండు తీసుకోండి. చుట్టూ పన్నెండు పదిహేను, అడుగున నాలుగు బెజ్జాలు పెట్టండి. కాల్చిన ఇనుప చువ్వ చాలు. అడుగున రెండు అంగుళాల ఎండాకులు పరిచి, ఒక గ్లాసు పుల్లటి మజ్జిగ చల్లి మొదలుపెట్టండి. వారానికి రెండుసార్లు కలియబెట్టండి. మొదటిది నిండాక పక్కన పెట్టి రెండోది మొదలెడితే, అది నిండేసరికి మొదటిది తయారవుతుంది. 45 నుంచి 60 రోజులు పడుతుంది.

లావుగా, కణుపులు కణుపులుగా గోధుమరంగులో ఉన్న పురుగులైతే నల్లటి సైనిక ఈగ లార్వాలు. అవి చెత్తను వేగంగా తింటాయి, ఇంట్లోకి రావు, వదిలేయండి. మామూలు ఈగలు ముసిరితే పాత పంచె గుడ్డ మూతికి కట్టండి. చేపలు, మాంసం, నూనె కూరలు, పాలు వేయొద్దు. తయారైన ఎరువును ఒట్టిగా కుండీలో నింపకూడదు. ఒక వంతు ఎరువు, రెండు వంతుల మట్టి, ఒక వంతు పొట్టు కలిపితే మొక్క నిలబడుతుంది.

ప్రశ్న: ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్లు బకెట్లకు బకెట్లు పోతున్నాయి. మాది బోరు. వాటిని గేదెకు తాగించొచ్చా? మొక్కలకు పోయొచ్చా?
– ఒక పాఠకుడు, మర్రిగూడ, నల్లగొండ జిల్లా

జవాబు: గేదెకు వద్దు. మీ ప్రాంతం బోర్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. మిషన్ తాగే నీటిలోంచి తీసేసిన ఫ్లోరైడ్, ఉప్పులు అన్నీ ఆ వదిలేసే నీళ్లలోకే చేరతాయి, బోరు నీళ్లకంటే చిక్కగా. పశువుల ఎముకలకూ పళ్లకూ ఫ్లోరైడ్ హాని చేస్తుంది. టీడీఎస్ మీటరులో అంకె తక్కువ చూపిందని ధీమా పడొద్దు, అది కరిగిన ఉప్పులన్నీ కలిపి చూపుతుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఫర్వాలేదని భారత ప్రమాణం. ఆ అంకె నీటి పరీక్షలోనే తెలుస్తుంది.

కుండీ మొక్కలకూ వద్దు, మట్టి పైన తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. టాయిలెట్‌కు, వాకిలి కడగడానికి, బండి కడగడానికి వాడండి. గొట్టాన్ని పొడిగించి నేరుగా బాత్‌రూం డ్రమ్ములోకి పెట్టేస్తే మోయక్కర్లేదు. అన్నిటికంటే మేలైన దారి, మిషన్ భగీరథ కుళాయి వస్తుంటే తాగడానికి ఆ నీళ్లే పట్టుకోవడం. అది నది నీరు. కాచి చల్లార్చినా, మామూలు ఫిల్టరు వాడినా చాలు. లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు వదిలే మిషన్ దానికి అక్కర్లేదు.

ప్రశ్న: వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, గాజు సీసాలు కలిపి రూ.3 వేల కిట్ చూశాను. మొదలుపెట్టడానికి కొనమంటారా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దు. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు పగిలేదాకా పప్పులకూ రవ్వకూ వాడండి. బాగున్నదాన్ని పారేసి కొత్త గాజుది కొంటే చెత్తా పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. గిన్నెలకు బీరపీచు వాడండి. కాయను తీగ మీదే ఎండనిచ్చి తొక్క వలిస్తే వచ్చేదే. పాత నూలు చీరతో నాలుగు సంచులు కుట్టించండి. నిజంగా డబ్బు పెట్టదగ్గది ఒకటుంది, నెలసరిలో ప్యాడ్ల బదులు వాడే మెన్‌స్ట్రువల్ కప్పు. మూడు, నాలుగు వందల రూపాయలకు కొన్నది సరిగ్గా చూసుకుంటే ఐదేళ్ల పైన వస్తుంది. ప్రతి నెలా వాడకానికి ముందు ఐదు నిమిషాలు మరిగించాలి, 12 గంటలు మించి ఉంచకూడదు. అలవాటు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది, మొదటి నెల కారుతోందని వదిలేయకండి.

ప్రశ్న: గ్యాసు బండ నెలకు నాలుగు రోజులు ముందే అయిపోతోంది. గిన్నెల అడుగులు కూడా నల్లబడుతున్నాయి.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: రెండింటికీ కారణం ఒకటే కావచ్చు. మంట పసుపుపచ్చగా ఉంటే గ్యాసు పూర్తిగా కాలట్లేదు, ఆ మసే గిన్నెకు పడుతోంది. స్టవ్ చల్లారాక బర్నరు మూత తీసి సబ్బునీళ్లలో నానబెట్టి, బెజ్జాల్లో పిన్నీసు పెట్టి శుభ్రం చేయండి. పూర్తిగా ఆరాకే బిగించండి. అప్పటికీ నీలిమంట రాకపోతే మెకానిక్‌తో గాలి సర్దించండి. మంట గిన్నె అంచు దాటి పైకి లేస్తే ఆ మేరకు వృథా. కందిపప్పును గంట ముందు నానబెట్టండి. కుక్కర్‌కు మొదటి విజిల్ వచ్చేదాకానే పెద్దమంట, తర్వాత సన్నమంట. కట్టేశాక విజిల్ ఎత్తి ఆవిరి వదిలేయకండి, దానంతటదే దిగేలోపు లోపలి వేడికే పప్పు మెత్తబడుతుంది.