చైనీస్ పెద్దలు క్లాసులో నోరు విప్పకపోతే

మీ పోస్టర్ మీది 'జింగ్‌షెన్‌బింగ్' అన్న చైనీస్ మాటే అడ్డుపడి ఉంటుంది. మెల్‌బోర్న్‌లో మీరు పెట్టిన మానసిక ప్రథమ చికిత్స (మనసు బాగోలేని వాళ్లకు తొలి సాయం ఎలా చేయాలో నేర్పే) క్లాసుకు 20 మంది చైనీస్ పెద్దలు వచ్చారని, ఎవరూ పెదవి విప్పలేదని, రెండో వారం సగం మందే మిగిలారని రాశారు కదా. 'జింగ్‌షెన్‌బింగ్' అంటే మానసిక వ్యాధే, కానీ వాడుకలో అది తిట్టు. మన దగ్గర 'మెంటల్' అన్నట్టే. ఆ బోర్డు కింద కూర్చోవడమంటే ఇంటి పరువు తీసుకోవడమే వాళ్లకు.

1. 'షిన్‌లీ జియెన్‌కాంగ్', అంటే మనసు ఆరోగ్యం, అని పోస్టర్ మీద మార్చండి.

2. వాళ్లు మాట్లాడే చైనీస్ మాండరినా, కాంటనీసా అని ముందే కనుక్కోండి. హాంకాంగ్ వాళ్లకు కాగితాలు సంప్రదాయ చైనీస్ లిపిలో ఉండాలి.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఒంటి గురించి మొదలుపెట్టడం. "దిగులుగా ఉందా?" అంటే "మెయ్ షి", ఏమీ లేదు, అనేస్తారు. "రాత్రి నిద్ర పడుతోందా? అన్నం సహిస్తోందా? గుండెల్లో బరువుగా ఉందా?" అని అడగడం నేర్పండి. ఓ గ్లాసు వేడినీళ్లు చేతికిచ్చి పక్కన కూర్చోవాలి, తొందరపెట్టకూడదు. ఛాతీ పట్టేస్తోందని చెబుతూ చెబుతూనే కొడుకు మాట్లాడటం మానేసిన సంగతి బయటికొస్తుంది. ఈ అభ్యాసం ఇద్దరిద్దరి చేత చేయించండి, అందరి ముందూ వద్దు.

4. చావు ఆలోచనలు ఉన్నాయా అని మాత్రం సూటిగానే అడగాలి, ఏకాంతంలో. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఇంట్లోవాళ్లను ఇంటర్‌ప్రెటర్లుగా పెట్టొద్దు, ఆస్ట్రేలియా ప్రభుత్వ ఇంటర్‌ప్రెటర్ సేవ 131 450కి ఫోన్ చేయండి. ప్రాణం మీదికొస్తే అక్కడి ఎమర్జెన్సీ నంబరు 000.